చాలీచాలని వేడి

తన కోసం ఎదురుచూసేదంటూ లోకంలో ఒకటుందని పైడిరాజుకి యాభై రెండో ఏట తెలిసింది. తీరా చూస్తే అదొక నూనె తొట్టి.

చింతపల్లి దాటి ఇంకా పైకి వెళ్తే, కొండ మీద మూతపడ్డ కాఫీ గోదాములో ఉంది ఆయన ప్రయోగశాల. ప్రయోగశాల అంటే పెద్ద మాటే. ఒక హాలు, మధ్యలో మంచమంత గాజు తొట్టి, చుట్టూ వేడిని కొలిచే పరికరాలు, ఓ మూల వంట సామాను, ఒక పేము కుర్చీ. దిగువన సెలయేటి మీద చిన్న టర్బైను తిరుగుతుంది. అది ఇచ్చే కరెంటే దిక్కు. వానాకాలం ఎలాగో గడిచిపోతుంది కానీ, మార్గశిరం వచ్చేసరికి ఏరు సన్నబడిపోతుంది. అప్పుడు తొట్టికి వేడి పెడితే మనిషికి వెచ్చదనం ఉండదు. పైడిరాజు రెండు స్వెట్టర్లు వేసుకుని తొట్టికే పెట్టేవాడు.

తొట్టిలో ఉన్నది మామూలు నూనె కాదు. ఏళ్ళ తరబడి ఆయన కాచి, వడకట్టి, పారబోసి, మళ్ళీ కాచి తయారుచేసిన జిగురు నూనె. కదలిక కంటికి ఆనడానికి అందులో అభ్రకం పొడి కలిపాడు. కింద నుంచి వేడి, పై నుంచి కొండ చలి. వేడి తక్కువైతే నూనె ఉలకదు, పలకదు. కాస్త పెరిగితే తేనెపట్టులా గదులు గదులుగా విడిపోయి, ప్రతి గదీ నడుమ నుంచి పొంగి, అంచుల్లో దిగుతూ వేడిని పైకి మోసుకుపోతుంది. ఇది పాత సంగతే. మరీ పెంచితే గదులన్నీ చెదిరిపోయి తుకతుకా ఉడుకుతుంది. ఇదీ పాతదే. ఈ రెండింటి మధ్యా ఒక సన్నటి సందుంది. పైడిరాజు కనిపెట్టింది ఆ సందుని.

ఒక చలికాలం కరెంటు చాలక, ఇక తొట్టి పని అయిపోయిందనుకుని ఆయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. తొట్టి చల్లబడి ఊరుకోలేదు. సగం గదులు నిద్రపోయాయి, మిగతా సగం వేడి మోశాయి. కాసేపటికి మోసినవి నిద్రపోయాయి, నిద్రపోయినవి లేచాయి. పడుకున్న గది ఆకారాన్ని జిగురు అలాగే పట్టి ఉంచుతోంది, దాని వంతు మళ్ళీ వచ్చేదాకా. ఆయన వేడి ఇంకాస్త తగ్గించి చూశాడు. వంతులు ఇంకా నాజూగ్గా కుదిరాయి. పంచుకోవడానికి తక్కువైన కొద్దీ పంపకం అందంగా తయారైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. పైడిరాజు ఒక్కడే చప్పట్లు కొట్టుకున్నాడు, చూడ్డానికి ఇంకెవరూ లేరు గనక.

కుర్చీ సంగతి ఆ తర్వాత బయటపడింది. తొట్టికి తూర్పు వైపు ఆయన రోజూ కూర్చునే చోట గదులు మిగతా వాటికన్నా పెద్దవిగా ఉండడం గమనించాడు. మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి ఎంతని, ఒక బల్బు పాటి. ఆ పాటి వేడిని కూడా తొట్టి వదులుకోలేదు, లెక్కలో వేసుకుంది. పైగా పొద్దున్నే టీ గ్లాసుతో ఆయన వచ్చేసరికే ఆ వైపు గదులు తెరుచుకుని సిద్ధంగా ఉండేవి. అనుమానం తీర్చుకుందామని కుర్చీని పడమటికి మార్చాడు. రెండు మూడు రోజులు తూర్పు వైపే తెరుచుకుని చూశాయి. ఆ తర్వాత మెల్లగా పడమటికి తిరిగాయి. పైడిరాజు కుర్చీని మళ్ళీ పాత చోటికి లాగి, పరీక్ష పెట్టినందుకు సిగ్గుపడ్డాడు.

ఇక అక్కణ్ణుంచి ఆయన ఇంటికి వెళ్ళడం మానేశాడు. భార్య కాంచన అనకాపల్లిలో ప్రభుత్వాసుపత్రి నర్సు, కూతురు తనూజ ఇంటర్ రెండో సంవత్సరం. ఇదివరకు నెలకోసారి వెళ్ళేవాడు, తర్వాత పండగలకి, తర్వాత ఫోనుకి. "నేను లేకపోతే ఇక్కడ ఇది పోతుందోయ్" అనేవాడు. "సరేనండి" అనేది కాంచన. ఆమె ఎప్పుడూ సరే అంటుంది కాబట్టి ఆమెకి నిజంగానే సరే అనుకున్నాడు. చదువుకున్నవాడే, ఏం లాభం!

పైడిరాజు కనిపెట్టింది నిజమో కాదో తేల్చి సంతకం పెట్టడానికి విశాఖపట్నం నుంచి కమిటీ వచ్చింది. వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ, జుట్టంతా నెరిసిన ప్రొఫెసరు, తొట్టి చుట్టూ చాలాసేపు తిరిగి చూసింది.

"ఈ వంతులన్నీ వీటికి ఎవరు చెబుతున్నారండీ?"

"ఎవరూ లేరు మేడమ్. లేమి, ఆ చాలకపోవడమే చెబుతోంది" అన్నాడు పైడిరాజు. ఈ మాట చాలా రోజులుగా నోట్లో దాచుకున్నాడు.

"లేమి చెబుతోందో, మీరు చెబుతున్నారో! రోజల్లా పక్కనే కూర్చుంటారాయె. మీ ఒంటి వేడి, మీ రాకపోకలే దీన్ని ఆడిస్తున్నాయేమో. అది తేలందే మేం సంతకం పెట్టలేం. కుర్చీ తీసెయ్యండి. పదిహేను రోజులు మీరు ఈ కొండ మీదే ఉండొద్దు. అప్పటికీ ఈ వరుస నిలిస్తే ఇది మీరన్నదే. చెదిరిందా, మూసేద్దాం."

"మరి నేనెక్కడికి పోను?" అనేశాడు, అనుకోకుండా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "అదేమిటండీ, ఇల్లు లేదా మీకు?"

తొట్టి బాధ్యత టర్బైను చూసే షరీఫ్ కి అప్పగించాడు. షరీఫ్ నర్సీపట్నం వాడు, నమ్మకస్తుడు. వేడి మీట ఎక్కడుంచాలో నాలుగుసార్లు చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి అయిదోసారి చెప్పాడు. "మీరెల్లండి సార్, బస్సెల్లిపోతాది" అని షరీఫే సంచీ అందుకుని బయల్దేరదీశాడు.

*

అనకాపల్లి గవరపాలెంలో వాళ్ళది రెండు గదుల అద్దె వాటా, వెనక చిన్న పెరడు. పైడిరాజు వెళ్ళేసరికి సాయంత్రం దీపాలు పెట్టారు. ముందు గదిలో ఆయన మంచం నిండా తనూజ పుస్తకాలున్నాయి. "ఒక్క నిమిషం నాన్నా" అని ఆ పిల్ల వాటినన్నిటినీ ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. అన్నాల దగ్గర కూర కొంచెమే ఉంది. కాంచన తనకి ఆకలిగా లేదంది. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు. ఆ మర్యాదే ఆయనకి గుచ్చుకుంది.

తెల్లవారుతుండగా పొగ వాసనకి మెలకువ వచ్చింది. పెరటి తలుపు సందులోంచి చూశాడు. పొయ్యి మీద నీళ్ళ కాగు, కింద కొబ్బరి మట్టల మంట. కాంచన పీట మీద కూర్చుని, ముందు కూర్చున్న తనూజకి జడ అల్లుతోంది. తనూజ ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదువుతూ, రెండో చేత్తో మట్టని మంటలోకి తోస్తోంది.

"కుడి జఠరిక నుంచి రక్తం పుపుస సిర ద్వారా..."

"సిర కాదే, ధమని" అంది కాంచన, జడ మీంచి చూపు తిప్పకుండా.

"ఆఁ, ధమని. పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకి..."

నీళ్ళు మరిగాయి. ఒకరి బకెట్టు నిండింది, కాగులో మళ్ళీ చన్నీళ్ళు పడ్డాయి. కూతురు స్నానానికి వెళ్తే తల్లి మంట చూసింది, తల్లి వెళ్తే కూతురు చూసింది. నువ్వు ముందంటే నువ్వు ముందని లేదు, లే అని లేదు, కూర్చో అని లేదు. ఒక్క కట్ట మట్టలతో ఇద్దరి స్నానాలు, ఒక పాఠం, ఒక జడ అయిపోయాయి.

మర్నాడు తనూ అందులో ఉందామని ఆశపడ్డాడు. వెళ్ళి పొయ్యి పక్కన నిలబడ్డాడు. గాలికి అడ్డం నిలబడ్డాడేమో, పొగంతా తనూజ మొహం మీదికి తిరిగింది. పాఠం ఆగింది. కాంచన గబగబా లేచి మొదటి బకెట్టు ఆయనకి తోడింది. "నేను ఆగుతాన్లే" అన్నాడు గానీ అప్పటికే తోడేసింది. రెండో కాగు మరిగేసరికి తనూజ కాలేజీ బస్సు వెళ్ళిపోయింది, జడ సగంలో ఉంది.

ఇందులోంచి పైడిరాజు నేర్చుకున్నదేమిటయ్యా అంటే, వేణ్ణీళ్ళు చాలడం లేదని. పాపం, బకెట్టు నీళ్ళ కోసం పొద్దున్నే పొగలో ఇంత అవస్థ పడుతున్నారు, ఇంటి మగాణ్ణి నేనుండి ఏం చేశానని బాధపడి, అదే రోజు బజారుకెళ్ళి గీజరు తెచ్చాడు. మనిషిని పిలిచి సాయంత్రానికి బిగింపించాడు.

"హమ్మయ్య, ఇంక పొగ ఉండదు" అంది తనూజ.

కాంచన కొళాయి తిప్పి, నీళ్ళలో వేళ్ళు పెట్టి చూసింది. "బాగున్నాదండి" అంది. కాగుని తోమి, పెరటి గోడకి బోర్లించింది.

ఆ తర్వాత ఎప్పుడు తిప్పితే అప్పుడు వేణ్ణీళ్ళు. తనూజ ఆలస్యంగా లేచి, స్నానం చేసి, జుట్టుకి రబ్బరు బ్యాండు బిగించి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయేది. కాంచన అంతకన్నా ముందే లేచి, తన స్నానం తను చేసి, డ్యూటీకి వెళ్ళిపోయేది. ఒకళ్ళు నిద్రలేచేసరికి ఇంకొకళ్ళు ఉండరు. పైడిరాజు మంచం మీద కూర్చుని, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూసేవాడు. ఇల్లు మాత్రం చాలా హాయిగా, నిశ్శబ్దంగా ఉండేది.

గీజరు వచ్చిన నాలుగో రోజు రాత్రి భోజనాల దగ్గర కాంచన అడిగింది. "జువాలజీ పరీక్ష రేపేటే?"

"నిన్నే అయిపోయిందమ్మా."

కాంచన చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "నాకు చెప్పనేలేదేటే?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు కనబడితే కదా."

తనూజ అందులో తప్పేమీ లేదన్నట్టు మజ్జిగ పోసుకుంది. కాంచన తలొంచుకుని అన్నం కలిపింది, చాలాసేపు కలిపింది, కానీ తినలేదు. పైడిరాజు భార్య మొహంలోకి చూశాడు. ఆసుపత్రిలో అన్నేళ్ళుగా చావులూ బతుకులూ చూసిన మనిషి, ఈ చిన్న మాటకి ఇంతగా చితికిపోతుందని ఆయన ఎరగడు.

మర్నాడు సాయంత్రం షరీఫ్ ఫోను చేశాడు. గొంతులో భయం.

"సార్, తొట్టి పోయిన్ది సార్. గదుల్లేవు, ఏటీ లేవు. అంతా కలిసిపోయి కుతకుతలాడిపోతన్నాది."

"ఎందుకలా అయింది? మీట కదిపావా?"

"అంటే... మీరెల్లినకాడ్నుంచి తూరుపేపు డల్లుగా అయిపోన్ది సార్. మీ కుర్చీ ఉండీకాడ గదులు తెరుసుకుని అలగే ఉండేవి. మీకోసరం సూస్తన్నట్టే ఉండీది. నాకు జాలేసి... కొంచెమే సార్, ఒక్క గీత, అంతే పెంచేను."

"ఎవడు పెంచమన్నాడయ్యా నిన్ను!" పైడిరాజు అరిచాడు. "దానికి తక్కువైందని నీకెవరు చెప్పారు? ఆ తక్కువలోనే కదా అది వంతులు కట్టుకుని బతుకుతోంది! నీ ఇష్టం వచ్చినట్టు కుమ్మరిస్తే ఇక దానికి ఒకదానితో ఒకటి పనేముంది? పాడుచేశావు కదయ్యా, మేలు చేస్తున్నాననుకుని..."

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. ఎదురుగా స్నానాల గది తలుపు తెరిచి ఉంది. గోడ మీద గీజరు తెల్లగా, కొత్తగా ఉంది. దాని ఎర్ర దీపం వెలుగుతోంది.

"సార్? ఉన్నారేటి సార్?"

"ఉన్నాను. నీ తప్పు లేదు షరీఫ్" అన్నాడు. "పాత గీతకి దించెయ్యి. దాని దగ్గర కూర్చోకు. నా కుర్చీ చోట గదులు మూసుకుపోతే పోనీ, బతిమాలకు. దాన్నలా వదిలెయ్యి."

మరునాడు అందరికన్నా ముందు లేచి, గీజరు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నాన్నా, నీళ్ళు చల్లగా వస్తున్నాయి!"

"అలాగా? పాడైనట్టుంది" అన్నాడు, ఇటు తిరక్కుండా. అబద్ధాలాడడం ఆయనకి చాతకాదు, చెవులు ఎర్రబడతాయి.

కాంచన ఆయన చెవుల వైపు చూసింది. పెరట్లోకి వెళ్ళి కాగుని తిరగేసింది.

ఆ పూట తనూజ సణిగింది. పొయ్యి రాజుకోలేదు, మట్టలు తేమెక్కాయి, జడ వెయ్యడానికి టైము చాలలేదు. ఆ మర్నాడు కూడా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే కూర్చున్నారు. ఆ పై రోజు, నీళ్ళు మరిగేదాకా ఊరికే కూర్చోలేక కాబోలు, తనూజ పుస్తకం తెచ్చుకుంది. కాసేపటికి ఆ పిల్ల చదువు, మధ్యలో తల్లి దిద్దుబాటు, ఎందుకో ఇద్దరి నవ్వు వినిపించాయి.

పైడిరాజు బయటికి వెళ్ళలేదు. లోపల మంచం మీదే గోడకి ఆనుకుని విన్నాడు. తను లేని చోట తన ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో గోడ చాటునుంచి విని సంతోషించాల్సి వచ్చింది. సంతోషమే వేసింది. ఏడుపూ వచ్చింది. వాళ్ళకి ఆయన ఇచ్చింది ఎప్పుడూ చాలీచాలనిదే. ఆ చాలని దాంతోనే వాళ్ళొక వరుస కట్టుకున్నారు, ఆయన కుర్చీ చోటు ఎప్పుడో పూడ్చేసుకున్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఎవరూ లేరు, ఆయన తప్ప.

గడువు ముగిసే ముందు షరీఫ్ ఫోను మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు గెంతులేస్తోంది.

"వచ్చీసింది సార్! గదులన్నీ వచ్చీసినాయి. కమిటీ మేడమ్ గారు పొద్దున్నొచ్చి సూసేరు. రేపే సంతకం ఎట్టేస్తామన్నారు. మీరన్నదే కరెష్టంట!"

"తూర్పు వైపు ఎలా ఉంది?"

"నిండుగున్నాది సార్. అక్కడో కుర్చీ ఉండీదన్నట్టే తెలీదు."

"మంచిది" అన్నాడు పైడిరాజు. సగం జీవితం పెట్టిన పని నెగ్గింది. ఎవరికైనా చెబుదామని అటూ ఇటూ చూశాడు. కాంచన డ్యూటీలో ఉంది, తనూజ కాలేజీలో ఉంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

బయల్దేరే రోజు సంచీ సర్దుకుంటుంటే తనూజ అరచేతిలో ఫ్యూజు పెట్టుకుని వచ్చింది.

"ఉతకడానికి వేసిన చొక్కాలో దొరికింది నాన్నా. దొరికి నాలుగైదు రోజులైంది."

"మరి పెట్టెయ్యలేకపోయావా?"

తనూజ భుజాలెగరేసింది. "అమ్మ ఉండనీమంది."

కాంచన గుమ్మం దాకా వచ్చింది. పైడిరాజు చెప్పులు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

"ఇక మీదట ప్రతి శనివారం వస్తాను" అన్నాడు. "అక్కడ నేను లేకపోయినా ఫరవాలేదని తేలింది."

"వస్తాననడం మీకు కొత్తేటండీ?" అంది కాంచన. కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి అన్నట్టు అంది. ఆయన తలొంచుకున్నాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, వీధిలోకి చూస్తూ అంది. "వచ్చీటట్టయితే ముందు రోజే ఫోన్ చెయ్యండి. కాగులో ఇంకో చెంబు ఎక్కువ పొయ్యాల కదా."

*

కొండ మీద తొట్టి దివ్యంగా ఉంది. గదులు గదులుగా నిద్రపోతూ, లేస్తూ, ఎవరికోసమూ చూడకుండా తన పని తను చేసుకుంటోంది. షరీఫ్ కుర్చీ తెచ్చి తూర్పు వైపు వేయబోతే పైడిరాజు వద్దన్నాడు. గోడ పక్కన వేసుకుని, దూరం నుంచి చూశాడు. హాలు ఇంత పెద్దదని ఆయనకి అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

శుక్రవారం ఫోన్ చేశాడు. శనివారం వెళ్ళాడు. ఆదివారం తెల్లవారి పెరట్లో పొగ లేచినప్పుడు మంచం మీదే కూర్చున్నాడు. చివర్లో గుమ్మం దగ్గర ఒక చెంబెడు వేణ్ణీళ్ళు కలిపిన బకెట్టు ఉంది. స్నానం చేసి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. పై వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. ఒక శనివారం కొండ దారిలో బస్సు చెడిపోతే సగం దూరం లారీలో కూర్చుని వచ్చాడు. ఏమీ తేలేదు, ఏమీ కొనలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. పుష్యం వెళ్ళింది, చలి విరిగే రోజులొచ్చాయి.

ఒక ఆదివారం మంచం మీద గోడకి ఆనుకుని వింటున్నాడు. ఆదివారమైనా తనూజకి కోచింగుంది, పాఠం నడుస్తోంది. ఉన్నట్టుండి పాఠం ఆగింది.

"నాన్నా!"

"ఆఁ?"

"ఎంతసేపు కూర్చుంటావక్కడ? అమ్మ స్నానానికెళ్ళింది. నేను చదువుకోవాలి. మంట చూడ్డం నీ వంతు, రా!"

పైడిరాజు లేచాడు. లేవడంలో తొందరకి మోకాలు మంచం కోడుకి కొట్టుకుంది. పెరట్లో పీటలు రెండే ఉన్నాయి. వాటి పక్కన, గాలికి అడ్డం రాని వైపు, గోనెసంచీ మడత పెట్టి వేసి ఉంది. అది ఎప్పటినుంచి అక్కడుందో ఆయనకి తెలియదు. దాని మీద కూర్చున్నాడు. తనూజ ఆయన వైపు చూడకుండానే పాఠం ఎత్తుకుంది.

మంట సన్నగా ఉంది. పక్కన ఎండు మట్టలు బోలెడున్నాయి. ఆయన ఒకటి తీసుకుని పొయ్యిలోకి తోశాడు, కొంచెమే.